ఆటోమిగ్ 70ఎస్-6 వైరు: ఐదు రీళ్లు వాడిన తర్వాత

గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్డు. ఇక్కడ సాయంత్రం గ్రైండింగ్ చేసి వదిలేసిన ఇనుప పట్టీ తెల్లారేసరికి ఎర్రబారి ఉంటుంది. సముద్రపు గాలి అలాంటిది. అందుకే వెల్డింగ్ వైరు రీలు కొనేటప్పుడు ధర అడగడానికి ముందు పెట్టె చిరిగిందా, లోపలి ప్లాస్టిక్ సంచి బిగువుగా ఉందా, తేమ పీల్చే పొట్లం ఉందా అని చూస్తాను. గత ఎనిమిది నెలల్లో ఆడోర్ వారి ఆటోమిగ్ 70ఎస్-6 వైరు, 0.8 మిల్లీమీటర్లది, 15 కిలోల రీళ్లు ఐదు వాడాను. ఐదింటినీ చివరి చుట్టు దాకా కాల్చాను. నా తీర్పు ముందే చెబుతాను: గేట్లు, గ్రిల్స్, బడి బల్లలు, తోపుడు బండ్లు చేసే చిన్న వర్క్‌షాపు వాళ్లు నమ్మి కొనదగిన వైరు ఇది. ఎందుకు నమ్మానో చెప్పాలంటే అంతకు ముందు ఒక రీలుతో పడిన కష్టం చెప్పాలి.

నేను పంతొమ్మిదేళ్లు రాడ్ వెల్డింగ్ చేసి, ఆరేళ్ల క్రితం మిగ్‌కు వచ్చాను, అంటే రాడ్డు బదులు రీలు నుంచి వైరు దానంతటదే వస్తూ గ్యాసు రక్షణలో కరిగే వెల్డింగ్‌కు. మా వైపు దీన్ని ఇప్పటికీ సీఓటూ వెల్డింగ్ అనే అంటారు. నాకు పని నేర్పిన గురువు గారికి అద్వానీ ఓర్లికాన్ రాడ్లంటే గొప్ప గురి. 1951లో పుట్టిన ఆ కంపెనీయే తర్వాత ఆడోర్ వెల్డింగ్ అయింది. రాడ్డు ఎండలో పెట్టి ఆరబెట్టనిదే ముట్టుకోనిచ్చేవారు కాదు ఆయన. "తడి రాడ్డుతో వేసిన అతుకు పైకి నవ్వుతుంది, లోపల ఏడుస్తుంది" అనేవారు. మిగ్‌కు వచ్చాక రాడ్డు లేదు, ఆరబెట్టడం లేదు, ట్రిగ్గర్ నొక్కితే చాలు అనుకున్నాను. గురువు గారి మాట ఇక్కడ ఇంకా ఎక్కువ వర్తిస్తుందని తెలియడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

నిరుడు ఒక ప్రైవేటు బడికి అరవై జంట బల్లలు చేసే పని వచ్చింది. పాతిక మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు, 16 గేజ్, అంటే గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. కాళ్ల కింద 6 మిల్లీమీటర్ల ప్లేటు ముక్కలు. అప్పుడు నా దగ్గర ఉన్న రీలు, ఒక దుకాణదారు "అన్నీ ఒకటే వైరండీ, దీనికి కిలో మీద ముప్పై రూపాయలు మిగులుతుంది" అని ఇచ్చింది. పెట్టె మీద 0.8 అని, 70ఎస్-6 అని అచ్చు వేసి ఉంది. తయారీ తేదీ లేదు, బ్యాచ్ నంబరు లేదు. పది బల్లల వరకు ఏ ఇబ్బందీ రాలేదు. పదకొండో బల్ల దగ్గర ఆర్క్, అంటే వైరు కొసన వెలిగే కరెంటు మెరుపు, ఆగి ఆగి రావడం మొదలైంది. వోల్టేజి పెంచాను, తగ్గించాను, గ్యాసు చూశాను, మెషిన్ పాడైందేమోనని ఎర్త్ క్లాంపు కూడా మార్చాను. చివరికి వైరు ఫీడర్ మూత తెరిచి చూస్తే రోలర్ల కింద ఎర్రటి సన్నని పొడి, కుంకుమ చల్లినట్టు పరుచుకుని ఉంది. అది వైరు మీది రాగి పూత. సరిగ్గా పట్టుకోని పూత రోలర్ల దగ్గర రాలి, టార్చ్ లైనర్‌లోకి, అంటే చేతిలో పట్టుకునే టార్చ్ కేబుల్ లోపల వైరు నడిచే గొట్టంలోకి చేరి, దారి మూసేసింది. మైక్రోమీటర్‌తో పది చోట్ల కొలిచాను. ఒక చోట 0.76, ఇంకొక చోట 0.82 వచ్చింది. మందం ఇలా మారుతూ ఉంటే టార్చ్ కొసన ఉండే టిప్ కన్నంలో వైరు సమంగా నడవదు, కరెంటు కూడా సరిగ్గా అందుకోదు.

నాకు బాధ కలిగించింది డబ్బు కాదు. అప్పటికే వేసిన అతుకుల్లో అనుమానం ఉన్న వాటిని విరగ్గొట్టి చూశాను. నాలుగింటిలో రెండు చోట్ల పైన అందమైన పూస, అంటే కరిగి గట్టిపడిన అతుకు గీత ఉంది, కింద పైపు లోహం కరగనే లేదు. పూస పైపు మీద అంటించిన మైనంలా ఊడి వచ్చింది. అంతకు ముందు వారమే ఆ బడి ప్రధానోపాధ్యాయురాలు మా షెడ్డుకు వచ్చి, "పిల్లలు బల్ల మీద కూర్చుంటారని లెక్క వేయకండి బాబూ, ఎక్కి గెంతుతారని లెక్క వేయండి" అని చెప్పి వెళ్లారు. అప్పటి దాకా చేసిన పద్నాలుగు బల్లల అతుకులన్నీ గ్రైండర్‌తో తీసేసి మళ్లీ వేశాం. ఆ రీలులో మిగిలిన ఏడెనిమిది కిలోలు పాత ఇనుములో వేశాను. మరునాడే ఆటోమిగ్ రీలు తెచ్చాను.

పెట్టె మీది అంకెల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది మేస్త్రీలు దాన్ని కంపెనీ పెట్టుకున్న పేరు అనుకుంటారు. అమెరికన్ వెల్డింగ్ సొసైటీ ఏ5.18 ప్రమాణం ప్రకారం ఈఆర్ 70ఎస్-6లో 70 అంటే అతుకు లోహం చదరపు అంగుళానికి కనీసం 70,000 పౌండ్ల లాగుడు తట్టుకోవాలి. మన లెక్కలో సుమారు 480 మెగాపాస్కల్స్. మనం రోజూ వాడే ఐఎస్ 2062 ఈ250 ఇనుముకు అది 410. అంటే అతుకు సరిగ్గా కరిగి పట్టుకుంటే అతుకు కంటే ముందు ఇనుమే తెగాలి. ఎస్ అంటే గట్టి వైరు, లోపల పౌడరు ఉండనిది. చివరి 6 రసాయన మిశ్రమాన్ని చెబుతుంది. మన పనికి అసలు సంగతి అక్కడే ఉంది. ఈ రకంలో మాంగనీసు 1.40 నుంచి 1.85 శాతం, సిలికాన్ 0.80 నుంచి 1.15 శాతం ఉంటాయి. 70ఎస్-3 రకంలో సిలికాన్ 0.45 నుంచి 0.75 మాత్రమే. ఈ రెండూ కరిగిన లోహంలోని ఆక్సిజన్‌ను పట్టుకుని పైకి తెస్తాయి. ఆక్సిజన్ రెండు దారుల్లో వస్తుంది: ఒకటి కార్బన్ డయాక్సైడ్ గ్యాసు ఆర్క్ వేడికి విడిపోవడం వల్ల, రెండు ఇనుము మీది తుప్పు, మిల్లు పొలుసు (కర్మాగారం నుంచే వచ్చే నల్లటి పొర) వల్ల. వట్టి కార్బన్ డయాక్సైడ్‌తో, సముద్రం పక్కన, బజారు ఇనుముతో పనిచేసే మా లాంటి వాళ్లకు 6 రకమే కావాలి. పూస మీద అక్కడక్కడ కనిపించే గోధుమ రంగు గాజు పెంకులు ఆ పని జరిగిందనడానికి గుర్తు. వాటిని వైర్ బ్రష్‌తోనో ఉలితోనో తీసేయకుండా రెడ్ ఆక్సైడ్ కొడితే కొన్నాళ్లకు పెంకుతో పాటు రంగూ ఊడుతుంది. మా దగ్గర పెయింటింగ్‌కు వెళ్లే ప్రతి బల్లనూ ముందు అరచేత్తో తడిమి చూస్తారు.

సైజు విషయానికి వస్తే, 1.2 వైరు కిలో ధర తక్కువ కదా అని కొందరు దాన్నే అన్నిటికీ వాడతారు. పైపు పనికి అది తప్పు. 1.2 వైరు స్థిరంగా కాలాలంటే 120 ఆంపియర్లకు పైన కావాలి, ఆ వేడికి 16 గేజ్ పైపు కన్నం పడుతుంది. 0.8 వైరు 60 ఆంపియర్ల దగ్గర కూడా చక్కగా కాలుతుంది, అవసరమైతే 160, 180 దాకా వెళుతుంది. నా పనిలో పది పాళ్లలో ఎనిమిది 1.6 నుంచి 4 మిల్లీమీటర్ల లోపే కాబట్టి 0.8 నాకు సరిపోతుంది. రోజంతా 8, 10 మిల్లీమీటర్ల ప్లేట్లు, ఛానెళ్లు అతికే వాళ్లకు 1.2 వైరు, దానికి తగిన పెద్ద మెషిన్ వేరే ఉండాలి. ఆ పని ఈ రీలుతో చేయవచ్చు కానీ ఎన్నో పొరలు వేయాల్సి వస్తుంది, సమయం పోతుంది.

రీలు విప్పగానే నేను చేసే మొదటి పని, నాలుగైదు చుట్లు తీసి పారేసి, తర్వాతి ఒక చుట్టు కత్తిరించి సిమెంటు నేల మీద వదిలేయడం. వైరు తనంతట తాను విచ్చుకుని ఒక వలయంలా పడుతుంది. ఆ వలయం ఎంత వెడల్పుగా ఉంటే వైరు అంత నిటారుగా నడుస్తుంది. 0.8 వైరుకు కనీసం 305 మిల్లీమీటర్ల వలయం రావాలి. వలయం కొసలు నేల నుంచి ఎంత లేచాయో కూడా చూడాలి, 25 మిల్లీమీటర్లు దాటకూడదు. కొసలు పైకి లేచిన వైరు టిప్ నుంచి బయటికి వచ్చేటప్పుడు స్క్రూ మరలాగా మెలితిరుగుతూ వస్తుంది. మనం గీత గీసినట్టు చేయి నడిపినా ఆర్క్ అటూ ఇటూ ఊగుతుంది. ఆటోమిగ్ ఐదు రీళ్లలోనూ వలయం మూర అంత వెడల్పున వచ్చింది, కొసలు నేలను దాదాపు అంటుకునే ఉన్నాయి. చుట్టు కూడా పక్కపక్కనే పొర పొరగా ఉంది, ఎక్కడా ఒక వరస కింద మరొక వరస దూరి చిక్కుపడలేదు. తెల్ల గుడ్డ మడిచి వైరును రెండు వేళ్ల మధ్య రెండు మీటర్లు లాగితే సన్నని బూడిద గీత పడింది, రాగి పొడి పడలేదు.

ఇక ఎక్కించడం. పదిమంది మేస్త్రీలు మెషిన్ చెడిపోయిందని నాకు ఫోను చేస్తే ఏడెనిమిది సార్లు తప్పు రోలర్ దగ్గరో, లైనర్‌లోనో, టిప్ దగ్గరో దొరికింది. వైరు రీలు నుంచి ఆర్క్ దాకా మూడు మీటర్లకు పైగా ప్రయాణం చేస్తుంది, ఆ దారిలో ఎక్కడ పట్టినా ఆర్క్‌లో తెలుస్తుంది.

రోలర్‌కు రెండు గాడులు ఉంటాయి, సాధారణంగా ఒకటి 0.8కి, ఒకటి 1.0కి. గట్టి వైరుకు వి ఆకారపు గాడి కావాలి. అల్యూమినియంకు యు గాడి, పౌడరు వైరుకు పళ్లున్న గాడి వేరు. పళ్ల గాడిలో ఈ వైరు వేస్తే పూత చెక్కేసి లైనర్ నింపేస్తుంది. గాడి 0.8దే ఎదురుగా ఉందని చూసుకున్నాక బిగింపు సరిచూడాలి. నా పద్ధతి ఇది: టార్చ్‌ను ఒక చెక్క ముక్కకు రెండు అంగుళాల దూరంలో పెట్టి ట్రిగ్గర్ నొక్కుతాను. మెషిన్ ఆన్‌లో ఉంటుంది గానీ ఎర్త్ క్లాంపు దేనికీ తగిలించను. వైరు చెక్కకు తగిలి వంగి పక్కకు చుట్టుకుంటూ పోవాలి. రోలర్ జారితే పావు చుట్టు బిగిస్తాను. అక్కడితో సరి. "ఇంకొంచెం బిగిస్తే ఇంకా బలంగా తోస్తుంది కదా మేస్త్రీ గారూ" అని మా కుర్రవాడు మొదట్లో అడిగేవాడు. ఎక్కువ బిగిస్తే గుండ్రటి వైరు నొక్కుకుపోయి టిప్‌లో పడుతుంది. టిప్‌లో పట్టిన క్షణంలో, వెనక నుంచి ఆగకుండా తోస్తున్న రోలర్ దగ్గర వైరు పీచు ఉండలా చిక్కుపడిపోతుంది. వదులుగా ఉన్న రోలర్ అయితే జారి ఊరుకుంటుంది. రీలు ఇరుసు మీది బ్రేకు కూడా అంతే. ట్రిగ్గర్ వదలగానే రీలు ఆగాలి, చుట్లు విచ్చుకుని పక్కకు జారకూడదు. అంతకు మించి బిగిస్తే మోటారుకు భారం.

లైనర్ రంగు చూసి కొనాలి. గట్టి ఇనుప వైరుకు స్ప్రింగు లాంటి ఉక్కు లైనర్, 0.8కి నీలం రంగుది, 1.0, 1.2లకు ఎరుపుది. సెకండ్ హ్యాండ్ మెషిన్ కొన్న ఒక కుర్రవాడు ఎరుపు లైనర్‌లో 0.8 వైరు నడుపుతూ నా దగ్గరికి వచ్చాడు. వైరు ఆ వెడల్పు గొట్టంలో పాములా మెలికలు తిరుగుతూ, ఒకసారి నిలిచి ఒకసారి దూకుతూ వచ్చేది. లైనర్ మార్చగానే సరిపోయింది. రీలు మార్చిన ప్రతిసారీ టిప్ తీసేసి, టార్చ్ కేబుల్ నేల మీద తిన్నగా పరిచి, మెషిన్ వైపు నుంచి కంప్రెసర్ గాలి కొడతాం. ఆ పాత రీలు తర్వాత గాలి కొట్టినప్పుడు అవతలి నుంచి ఎర్రటి మేఘం వచ్చింది. ఆటోమిగ్ రీళ్ల తర్వాత చిటికెడు దుమ్ము వస్తోంది. ఈ ఒక్క తేడాకే నేను ఆ ముప్పై రూపాయలు సంతోషంగా ఇస్తాను.

టిప్ మీద 0.8 అని చెక్కి ఉంటుంది. దాని కన్నం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా సాగిందా అని వెలుతురులో చూడాలి. నేను రీలుకు రెండు మూడు టిప్పులు మారుస్తాను. చవకైన భాగం, దాని మీద పొదుపు వద్దు.

గ్యాసు గురించి రెండు మాటలు. నేను ఎక్కువగా వట్టి కార్బన్ డయాక్సైడ్‌నే వాడతాను. లోతుగా కరుగుతుంది, ధర తక్కువ. చిందే రవ్వలు మాత్రం ఎక్కువ. స్టెయిర్ రెయిలింగ్ లాంటి కంటికి కనిపించే పనికి 80 పాళ్లు ఆర్గాన్, 20 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ కలిపిన సిలిండర్ తెస్తాను. అదే వైరు ఆ గ్యాసులో ఇంకా నున్నగా పరుచుకుంటుంది, ఉలితో గీకే పని సగానికి తగ్గుతుంది. ప్రవాహం నిమిషానికి 12 లీటర్ల దగ్గర పెడతాను. ఎక్కువ పెడితే మంచిదనుకోవడం పొరపాటు, వేగంగా వచ్చే గ్యాసు సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో ద్రవంగా ఉండి ఆవిరవుతూ వస్తుంది, ఆ ఆవిరికి రెగ్యులేటర్ చల్లబడి మంచు పడుతుంది. హీటర్ తగిలించకపోతే మధ్యాహ్నానికి గ్యాసు సన్నబడిపోయి, పూసలో తేనెపట్టులా కన్నాలు పడతాయి. పైగా లోపల ద్రవం మిగిలి ఉన్నంతకాలం ప్రెషర్ గేజ్ ముల్లు పెద్దగా కదలదు. ఎంత మిగిలిందో తెలియాలంటే సిలిండర్‌ను తూకం వేయడమే దారి.

మా ఊరి గాలి మరొక సమస్య. మూడు దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. షెడ్డు పడమటి తలుపు మూసి, తూర్పు వైపు తార్పాలిన్ దించనిదే మిగ్ పట్టుకోం. డాబా మీద, ఆరుబయట చేసే పనికి ఈ వైరు తీసుకెళ్లకండి. గ్యాసు కొట్టుకుపోయాక ఏ కంపెనీ వైరైనా ఒకటే. అక్కడ నేను ఇప్పటికీ రాడ్డే వాడతాను.

అమరికల సంగతి చాలామంది అడుగుతారు. మెషిన్ మెషిన్‌కూ తేడా ఉంటుంది గానీ మొదలుపెట్టడానికి ఒక లెక్క ఉంది. మిల్లీమీటరు మందానికి 40 ఆంపియర్లు. వచ్చిన ఆంపియర్లను 0.05తో గుణించి 14 కలిపితే వోల్టులు. 1.6 పైపుకు సుమారు 64 ఆంపియర్లు, 17 వోల్టులు. 3 మిల్లీమీటర్ల ఫ్లాటుకు 120 ఆంపియర్లు, 20 వోల్టులు. మన చిన్న మెషిన్లలో ఆంపియర్ల గుబ్బ అంటే నిజానికి వైరు వేగమే. 0.8 వైరు నిమిషానికి 5 మీటర్లు నడిస్తే దాదాపు 100 ఆంపియర్లు తీసుకుంటుంది. అక్కడి నుంచి చెవితో సరిచేసుకోవాలి. సరైన చోట ఆర్క్ చప్పుడు రేకుల కప్పు మీద సన్నటి వాన పడినట్టు ఎడం లేకుండా, సమంగా వస్తుంది. వోల్టులు తక్కువైతే వైరు కరగకముందే ఇనుమును పొడుస్తూ చేతిని వెనక్కి నెడుతుంది. ఎక్కువైతే చప్పుడు బుస్సుమంటుంది, వైరు కొస గోలీలా ఉబ్బి టిప్‌కే అతుక్కుంటుంది. టిప్ నుంచి ఇనుము దాకా వైరు 10, 12 మిల్లీమీటర్లకు మించి బయట ఉండకూడదు. చెయ్యి దూరం జరిగితే కరెంటు పడిపోయి, పూస పైకి ఉబ్బి కింద పట్టదు. పలుచని పైపు మీద టార్చ్‌ను కొద్దిగా వాల్చి ముందుకు తోస్తూ పోతే పూస చదునుగా పరుచుకుంటుంది.

ఆటోమిగ్‌లో నాకు నచ్చింది, ఒకసారి ఈ గుబ్బలు కుదిరాక రీలు అయిపోయే దాకా మళ్లీ తిప్పనవసరం రాకపోవడం. మూడో రీలు వేసినప్పుడు కావాలనే పాత గుర్తుల మీదే ఉంచి మొదలుపెట్టాను. తేడా రాలేదు. అరవై బల్లలూ ఒకే చేతితో చేసినట్టు కనిపించడానికి ఇదే కారణం. నిజానికి అతికింది నేనూ, మా కుర్రవాడూ కలిసి.

ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. రాడ్డుతో సరిగ్గా కరగకపోతే పూస చూడగానే తెలిసిపోతుంది, చిప్ప (రాడ్డు పూత కరిగి గట్టిపడిన పెంకు) మిగిలి, గతుకులు పడి కనిపిస్తుంది. మిగ్‌లో అలా కాదు. తక్కువ వేడితో వేసినా పూస ముద్దుగా ఉంటుంది. అందుకే మా దగ్గర ప్రతి ఉదయం ఒక తుంట పరీక్ష ఉంది. ఆ రోజు పనికి వాడే మందంలోనే రెండు పట్టీలు తీసుకుని, ఒకదాని మీద ఒకటి నిలువుగా నిలబెట్టి ఒక్క పక్కనే అతుకుతాం. చల్లారాక అతుకు లేని వైపు నుంచి సుత్తితో కొట్టి, అతుకు ఉన్న వైపుకు వంచి విరగ్గొడతాం. విరిగిన చోట మూల దాకా లోహం చీలినట్టు గరుకుగా ఉండాలి. ఎక్కడైనా నున్నటి గీత, కత్తిరింపు అంచు అలాగే మిగిలిపోయిన గుర్తు కనిపిస్తే అక్కడ కరగలేదన్న మాట. వోల్టులనో వైరు వేగాన్నో పెంచి మళ్లీ వేస్తాం. ఐదు నిమిషాల పని. 6 మిల్లీమీటర్ల కాలి ప్లేటు దగ్గర మొదటి రోజు ఈ వైరుతో కూడా ఆ నున్నటి గీత కనిపించింది. తప్పు వైరుది కాదు, పైపుకు పెట్టిన 64 ఆంపియర్లతోనే ప్లేటు కూడా వేసేశాం. 150 దాకా పెంచి, ఆర్క్‌ను ప్లేటు వైపు ఎక్కువ సేపు నిలిపితే సరిపోయింది.

కొత్తగా ఇన్వర్టర్ మెషిన్ కొన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. చాలా మెషిన్లు గ్యాసు అవసరం లేని పౌడరు వైరుకు కూడా పనికొస్తాయి. ఆ వైరుకు టార్చ్ నెగటివ్‌లో ఉండాలి. గట్టి వైరుకు టార్చ్ పాజిటివ్‌లో, ఎర్త్ నెగటివ్‌లో ఉండాలి. మధురవాడ నుంచి ఒక తమ్ముడు మెషిన్, రీలు రెండూ కారులో వేసుకుని వచ్చాడు. "అన్నయ్యా, వైరు నకిలీదేమో చూడు" అన్నాడు. మూత తెరిచి, లోపలి పొట్టి కేబుల్ అటునుంచి ఇటు మార్చి బిగించాను. అదే వైరు, అదే మెషిన్ వెంటనే దారిలోకి వచ్చాయి. జి.ఐ. పైపు అతికే వాళ్లు అతుకు చోట జింకు పూత రెండు పక్కలా గ్రైండర్‌తో తీసేసి, గాలి ఆడే చోట ముసుగు కట్టుకుని చేయాలి. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలి జ్వరం వస్తుంది. నేను పడ్డాను, మీరు పడకండి.

లెక్కల్లోకి వస్తే, 0.8 వైరు మీటరు బరువు దాదాపు 4 గ్రాములు. 15 కిలోల రీలులో సుమారు 3,800 మీటర్లు. 100 ఆంపియర్ల దగ్గర ఆగకుండా కాల్చితే పన్నెండున్నర గంటల ఆర్క్. రోజుకు ఎనిమిది గంటల పనిలో నిజంగా ఆర్క్ వెలిగేది గంటన్నర, రెండు గంటలే కాబట్టి రోజూ పని ఉంటే రీలు మాకు వారానికి పైగా వస్తుంది, పలుచని పని అయితే ఇంకా ఎక్కువ. కిలో మీద ముప్పై రూపాయలంటే రీలుకు నాలుగు వందల యాభై. పద్నాలుగు బల్లల అతుకులు కోసి మళ్లీ వేయడానికి మాకు ఇద్దరికీ రెండున్నర రోజులు పట్టింది. గ్రైండింగ్ చక్రాలు, కరెంటు, గ్యాసు లెక్క అందులో వేయలేదు.

అసౌకర్యం ఏదైనా ఉందంటే, 0.8లో 5 కిలోల చిన్న రీలు మా వైపు దుకాణాల్లో వెంటనే దొరకదు. నెలకు నాలుగు గ్రిల్స్ చేసుకునే వాళ్లకు 15 కిలోలు ఎక్కువ, తేమలో నెలల తరబడి మెషిన్‌లో ఉండిపోతే ఎంత మంచి రాగి పూతైనా మచ్చలు పడుతుంది. అలాంటి వాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి వాడే షెడ్డులో చేసుకోవడమో, చిన్న రీలు ముందే చెప్పి తెప్పించుకోవడమో మేలు. కొనేటప్పుడు దుకాణంలో పెట్టె ఎక్కడ పెట్టారో కూడా చూడండి. నాలుగో రీలు మొదట ఇచ్చినది నేల మీద, తడి గోడకు ఆనించి ఉంచినది. పెట్టె అడుగు మెత్తబడి ఉంది. విప్పి చూపించమంటే పక్క చుట్టు మీద తుప్పు చుక్కలు కనిపించాయి. దుకాణదారు మారు మాట లేకుండా పై అరలోది మార్చి ఇచ్చారు. బ్యాచ్ నంబరు, తేదీ పెట్టె మీద ఉన్నాయి కాబట్టి రెండూ వేర్వేరుగా రాసుకోగలిగాను.

ఆరో రీలు గత సోమవారం ఎక్కించాం. శనివారం సాయంత్రం పని ఆపాక మా కుర్రవాడు రోలర్ బిగింపు వదులు చేసి, వైరు కొసను రీలు అంచు కన్నంలో గుచ్చి, రీలును బయటికి తీసి, దాని సంచిలోనే పొట్లంతో సహా మూతి కట్టి, నూనె డబ్బాల పక్కన కాకుండా పై అరలో పెడుతున్నాడు. అలా చేయమని ఈసారి నేను చెప్పలేదు.